పసుపు చర్మం దాటేదెలా?

“మా అత్తయ్యగారికి అరవై ఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయన్నారు డాక్టరుగారు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. పైగా బీపీ పెరుగుతోందని వాటిని తగ్గించమన్నారు. మొన్న ఎగ్జిబిషన్‌లో ‘నానో హెర్బల్ జెల్’ అని ఒకటి అమ్ముతున్నారు. పసుపు సారం చర్మంలోంచి నేరుగా కీలులోకి దిగిపోతుందట. వేలెడంత ట్యూబు ఎనిమిది వందల రూపాయలు! మావారు కొందామంటున్నారు. అత్తయ్యగారేమో ‘ఇంట్లో నువ్వుల నూనె ఉండగా ఈ దండగ ఖర్చెందుకే అమ్మాయ్’ అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?”

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఇదొకటి. చెల్లెమ్మా, కొనడం, మానడం సంగతి చివర్లో చెప్తాను. ముందు అసలు మూలికల సారం చర్మంలోంచి లోపలికి వెళ్తుందా, వెళ్తే ఎలా వెళ్తుంది, శాస్త్రజ్ఞులు దానికేం పాట్లు పడుతున్నారు అన్నది తెలుసుకుందాం. అది తెలిస్తే రేపు ఏ ఎగ్జిబిషన్‌లో ఎవరేం చెప్పినా మనమే బేరీజు వేసుకోవచ్చు.

గోరింటాకు చెప్పే పాఠం

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటాం కదా. అరచెయ్యి ఎర్రగా పండుతుంది, చేతి వెనకవైపు అంతగా పండదు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? చర్మానికి అన్నిటికన్నా పైన మృతకణాల పొర ఒకటుంటుంది. గోరింటాకులోని రంగు ఆ పొరలో ఉన్న మాంసకృత్తిని పట్టుకుంటుంది. అరచేతిలో ఆ పొర మందం, అందుకే అక్కడ బాగా పండుతుంది. రెండు మూడు వారాల్లో ఆ పొర రాలి కొత్తది వస్తుంది, దాంతోపాటే గోరింటాకూ వెలిసిపోతుంది. అంటే అంతసేపు ఉంచుకున్నా, అంత ఎర్రగా పండినా, రంగు చాలావరకు ఆ పై పొరలోనే ఆగిపోయిందన్నమాట!

మన ఒంటికి అసలైన కోటగోడ ఆ పొరే. అరచేతులు, అరికాళ్లు తప్పించి మిగతా ఒంటిమీద దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా ఉండదేమో! అయినా మహా గట్టిది. మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నం పూసినట్టు ఒకరకం కొవ్వు ఉంటుంది. నీళ్లలో కరిగేవి ఆ కొవ్వును దాటలేవు. నూనెలో కరిగేవి అందులోకి చొరబడతాయి గానీ, మరీ జిడ్డు స్వభావం ఉన్నవి అక్కడే ఉండిపోయి కిందికి దిగవు. కాబట్టి చర్మం దాటాలంటే కాస్త నూనె గుణం, కాస్త నీటి గుణం రెండూ ఉండాలి. దానికి తోడు అణువు చిన్నదై ఉండాలి. అణుభారం 500 దాటినవి మామూలు చర్మంలోంచి వెళ్లడం కష్టమని బాస్, మైనార్డి అనే శాస్త్రజ్ఞులు 2000లో ఒక లెక్క చెప్పారు. ఇప్పటికీ మందులు తయారుచేసేవాళ్లు దాన్నే కొండగుర్తుగా పెట్టుకుంటారు.

దాటే వస్తువు ఎలా ఉంటుందో మీకు బాగా తెలుసు, అదే మిరపకాయ! గుంటూరు మిరపకాయలు తొడిమలు తీసిన రోజు రాత్రిదాకా చేతులు భగ్గుమంటాయి. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట పోదు. అందులోని క్యాప్సైసిన్ అణుభారం 305 మాత్రమే, పైగా నూనెలో కరిగే రకం. అందుకే చర్మంలోకి దిగి అక్కడి నరాల చివళ్లను తట్టి లేపుతుంది. ఆ మంటను గుర్తించే ద్వారాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నూటికి ఎనిమిది పాళ్లు క్యాప్సైసిన్ ఉన్న పట్టీని, అక్కి తగ్గాక కూడా వదలని నరాల నొప్పికి వాడడానికి 2009లో అమెరికాలో అనుమతించారు. దాన్ని డాక్టర్ల పర్యవేక్షణలోనే వెయ్యాలి సుమా!

పసుపుతో పేచీ

మరి పసుపు మాటేమిటి? పసుపులో మందు గుణానికి ముఖ్య కారణం కర్క్యుమిన్. పసుపు కొమ్ములో నూటికి రెండు నుంచి అయిదు పాళ్ల దాకా ఉంటుంది. దాని అణుభారం 368. అంటే గడప దాటే సైజే! కానీ పేచీ వేరే చోట ఉంది.

ఒక గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు, ఒక గిన్నెలో కాస్త వేడి నూనెలో చిటికెడు పసుపు వేసి చూడండి. నీళ్లలో పసుపు కాసేపటికి అడుక్కి చేరుతుంది. నూనెకు మాత్రం చక్కగా రంగు పడుతుంది. కర్క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. కరగని వస్తువు ఒంటిమీద పొడిలా కూర్చుంటుందే తప్ప లోపలికి పోదు. సబ్బు తగిలితే, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి కలిపేటప్పుడు చూస్తూనే ఉంటాం. అలా క్షారం తగిలితే అది త్వరగా పాడవుతుంది కూడా. ఎండా దానికి పడదు. బట్టకంటిన పసుపు మరక ఎండలో ఆరేస్తే పోవడం అందుకే.

పోనీ మింగేద్దామా అంటే, నోటి ద్వారా తీసుకున్న కర్క్యుమిన్‌లో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పేగుల్లో, కాలేయంలో చాలా భాగం మారిపోయి బయటికి పోతుంది. అందుకే చర్మం దారి వెతుకుతున్నారు. చర్మంలోంచి పోయే మందుకు ముందుగా కాలేయాన్ని దాటాల్సిన అవసరం ఉండదు, కడుపులో మంటా ఉండదు.

గాయాలకు పసుపు అద్దడం మనకేం కొత్త కాదు. అదే సంగతి మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చేస్తే, మన సీఎస్ఐఆర్ సంస్థ అభ్యంతరం చెప్పి, పాత గ్రంథాలు, పాత వైద్య పత్రికలు ముందుపెట్టి 1997లో దాన్ని రద్దు చేయించింది. అమ్మమ్మల నాటి జ్ఞానం కాగితం మీద ఉంటే ఎంత పనికొస్తుందో చూశారా!

తైలం కాచేవాళ్లు ఊరికే కాచలేదు

ఆయుర్వేదంలో తైలపాకానికి ఒక కొలత ఉంది. నూరిన మూలికల ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, కషాయం పదహారు పాళ్లు. సన్నని సెగమీద నీరంతా ఇగిరేదాకా కాచాలి. ముద్దను వేళ్ల మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. నిప్పులో వేస్తే చిటపటమనకూడదు. చిటపటమందంటే ఇంకా నీళ్లున్నట్టే. మూలికల్లో నూనెకు లొంగేదాన్ని నూనెలోకి రప్పించే ఉపాయం ఇది. మన పెద్దవాళ్లు చర్మానికి నూనెనే బండిగా ఎంచుకున్నారంటే అనుభవం అలా చెప్పిందన్నమాట.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. నూనెలో కరిగేదే వస్తుంది, నీళ్లలో కరిగే గుణాలు చాలావరకు వెనకబడతాయి. రెండోది, నూనె జిడ్డు చర్మం మీదే ఎక్కువసేపు ఉంటుంది, బట్టలకంటుతుంది. నూనే నీళ్లూ రెండూ కలిసిన బండి ఒకటి ఉంటే? ఇక్కడే మన కథానాయిక వస్తుంది. ఆవిడ పేరు మైక్రోఎమల్షన్.

ఫినాయిలు తెల్లబడుతుంది, ఇది తెల్లబడదు

నూనె, నీళ్లు ఉప్పూ నిప్పూ లాంటివి. ఎంత గిలక్కొట్టినా కాసేపటికి విడిపోతాయి. వాటిని కలిపి ఉంచాలంటే మధ్యవర్తి కావాలి. కుంకుడుకాయ రసం తలలో నూనెను వదిలించి నీళ్లతో పంపేస్తుంది కదా, అలాంటి సబ్బు గుణమున్న పదార్థమే ఆ మధ్యవర్తి. ఒక చేత్తో నూనెను, ఒక చేత్తో నీటిని పట్టుకుంటుంది.

మధ్యవర్తి ఉంటే నూనె చిన్న చిన్న బొట్లుగా నీళ్లలో తేలుతుంది. దాన్ని ఎమల్షన్ అంటారు. పాలు అలాంటివే. బకెట్టు నీళ్లలో మూతెడు నల్ల ఫినాయిలు పోస్తే పాలలా తెల్లబడుతుంది, అదీ ఎమల్షనే. బొట్లు పెద్దవి కాబట్టి వెలుతురు వాటి మీద పడి చెదురుతుంది, మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. కాచని పాల మీద మీగడ తేలినట్టు, ఇలాంటివి కొన్నాళ్లకు విడిపోతాయి.

1943లో ఇంగ్లండులో హోర్, షుల్మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక వింత చూపించారు. అలాంటి తెల్లని మిశ్రమంలో ఒకరకం ఆల్కహాలు కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే, ఒక దశలో అది గాజులా తేటపడింది! నూనె ఎక్కడికీ పోలేదు. బొట్లు మరీ చిన్నవైపోయాయి, అంతే. షుల్మన్ 1959లో దీనికి మైక్రోఎమల్షన్ అని పేరు పెట్టాడు. ఇందులో బొట్ల సైజు 10 నుంచి 100 నానోమీటర్లు. ఒక వెంట్రుక మందం మీద 50 నానోమీటర్ల బొట్లు వరసగా పేరిస్తే వెయ్యికి పైనే పడతాయి! వెలుతురు తరంగం కన్నా చిన్నవి కాబట్టి కంటికి తేటగా కనిపిస్తుంది.

ఆ కలిపిన ఆల్కహాలు సబ్బు పదార్థానికి తోడికోడలు లాంటిది. ఇద్దరూ కలిసి నూనె చుట్టూ మెత్తగా, సులువుగా వంగే తొడుగు కడతారు. పాళ్లు సరిగ్గా కుదిరితే ఇంకో గొప్ప సంగతి, కవ్వం అక్కర్లేదు! ఊరికే కలిపితే చాలు, తనంతట తనే తయారవుతుంది. మూత పెట్టి సరైన చోట ఉంచితే నెలల తరబడి విడిపోదు. నానో ఎమల్షన్ అనేది వేరే. దానికి బలమైన యంత్రాలతో గిలక్కొట్టాలి. పేరులో మైక్రో ఉన్నా ఇదీ నానో సైజుదే. పేర్లతో తికమక పడకండి.

ప్రయోగశాలలో వంట

ఇది తయారుచేసే విధానం వింటే మన వంటే గుర్తొస్తుంది. ముందు మూలిక సారం ఏ నూనెలో ఎక్కువ కరుగుతుందో చూస్తారు. ఓలిక్ ఆమ్లం, లవంగ నూనె, నీలగిరి తైలంలోని యూకలిప్టాల్ ఇలా ఒక్కొక్కటీ పరీక్షిస్తారు. తర్వాత పాలీసార్బేట్ 80 లాంటి సబ్బు పదార్థం, దానికి తోడికోడలుగా ప్రొపిలీన్ గ్లైకాల్ లేదా ఆల్కహాలు తీసుకుని ఒకటికి ఒకటి, రెండుకు ఒకటి అని పాళ్లు మార్చి కలుపుతారు. అందులో నీళ్లు బొట్టు బొట్టుగా వేస్తూ ఎక్కడ తేటగా ఉంది, ఎక్కడ మబ్బేసింది అని ఒక త్రికోణం పటం మీద గుర్తులు పెడతారు. గారెల పిండిలో నీళ్లు చూసి చూసి పోసినట్టే! ఆ పటంలో తేటగా ఉన్న జాగాలోంచి రెండు మూడు పాళ్లు ఎంచుకుంటారు.

వాటిని వేడిలో, చలిలో మార్చి మార్చి పెట్టి, గిరగిరా తిప్పి, విడిపోతాయేమో చూస్తారు. బొట్ల సైజు కొలుస్తారు. ఆ తర్వాత అసలు పరీక్ష. 1975లో ఫ్రాంజ్ అనే ఆయన వాడిన గాజు పాత్ర ఇప్పటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. రెండు గదుల మధ్య చర్మం ముక్క బిగిస్తారు. మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుందని చాలామంది పంది చెవి చర్మం వాడతారు. పై గదిలో మందు, కింది గదిలో ద్రవం. చర్మాన్ని మన ఒంటి పైభాగం ఉండే 32 డిగ్రీల దగ్గర ఉంచి, గంట గంటకూ కింద ద్రవం తీసి ఎంత మందు దిగిందో లెక్కగడతారు. మైక్రోఎమల్షన్ నీళ్లలా జారిపోతుంది కాబట్టి చివర్లో చిక్కబడే పదార్థం కలిపి జెల్ చేస్తారు.

బొట్టు బొట్టుగా కీలులోకి దూరుతుందా?

అబ్బే, లేదు! అమ్మేవాళ్లు చెప్పే మాటకూ అసలు సంగతికీ తేడా ఇక్కడే ఉంది. ఆ చిన్న బొట్లు బుల్లి పడవల్లా చర్మాన్ని చీల్చుకుని కీలులోకి పోవు. జరిగేది వేరు. ఒకటి, అంతకుముందు కరగని సారం ఇప్పుడు బాగా కరిగి ఉంటుంది కాబట్టి చర్మం మీద ఎక్కువ మోతాదు సిద్ధంగా ఉంటుంది. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోవడం దాని సహజ గుణం. రెండు, మిశ్రమం చర్మాన్ని సందు లేకుండా అంటుకుంటుంది. మూడు, అందులోని నూనె, సబ్బు పదార్థం ఆ ఇటుకల మధ్య కొవ్వును కాస్త సడలిస్తాయి. బొట్టు బయటే ఆగిపోతుంది, అందులోని సారం మాత్రం దిగుతుంది.

ఆ మూడో కారణమే దీని లోపం కూడా. మైక్రోఎమల్షన్‌లో సబ్బు పదార్థం మామూలు క్రీముల్లో కన్నా చాలా ఎక్కువ. గోడను సడలించేది మందునొక్కదాన్నే పంపదు కదా! రోజూ రాస్తే కొందరికి దురద, ఎర్రదనం, పొడిబారడం వస్తాయి.

ఇంకో సంగతి. అన్ని మూలికలకూ ఇది మంత్రదండం కాదు. సరస్వతి ఆకులోని ఆసియాటికోసైడ్ అణుభారం 959. కలబంద గుజ్జులోని జిగురు పదార్థాలు ఇంకా ఎన్నో రెట్లు పెద్దవి. వాటి మంచి పై పొరకే, అదీ మంచిదే గానీ, లోపలికి దిగుతాయంటే నమ్మకండి. చర్మం దాటిన మందులోనూ కొంత భాగాన్ని కిందనున్న సన్నని రక్తనాళాలు ఎగరేసుకుపోతాయి. కండ, కొవ్వు దాటి కీలుదాకా చేరేది కొంతే. చర్మం ముక్క మీద పసుపు సారం బాగా దిగిందని చూపించిన పరిశోధనలు ఉన్నాయి. అయితే గాజు పాత్రలో చర్మం దాటడం వేరు, మనిషి మోకాలి నొప్పి తగ్గడం వేరు.

ఇక అత్తయ్యగారి మోకాళ్లు

చెల్లెమ్మా, ఆ ఎనిమిది వందల ట్యూబు ఇప్పుడు కొనకండి. ముందు డాక్టరుగారిని డైక్లోఫెనాక్ ఉన్న పైపూత జెల్ గురించి అడగండి. మోకాలి కీలు అరుగుదల నొప్పికి అది పనిచేస్తుందని రోగుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. ఒక మోకాలికి చెప్పిన కొలత ప్రకారం రాస్తే రక్తంలోకి చేరేది మాత్రలతో పోలిస్తే నూటికి ఆరు పాళ్ల దగ్గరే. కడుపుకి ఆ మేరకు హాయి. అయినా ఆవిడకి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, గుండె జబ్బు ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి.

మరి నువ్వుల నూనె? మానొద్దు. గోరువెచ్చని నూనెతో పావుగంట మర్దనా చేస్తే కండలు వదులవుతాయి, ప్రాణానికి హాయిగా ఉంటుంది. అరిగిన కీలు తిరిగి పెరగదు గానీ, కోడలు చేతి మర్దనాకి ధర కట్టగలమా? జెల్ రాసేటప్పుడు మాత్రం నూనె ఉన్న చర్మం మీద రాయకండి, వేరే పూట రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, కుర్చీలో కూర్చుని ఒక్కో కాలూ చాపి, అయిదు లెక్కపెట్టేదాకా నిలిపి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఇది పైసా ఖర్చులేని మందు.

పైపూతలు కొనేముందు, రాసేముందు

- మందుగా అమ్మేదైతే లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, అందులో ఏమేం ఉన్నాయో ట్యూబు మీద ఉండాలి. ‘నూరు జబ్బులకు ఒకే మందు’ అంటే పెట్టేసి వచ్చెయ్యండి.

- ‘నానో’ అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. మనుషుల మీద పరీక్షించారా, ఎంతమంది మీద అని అడగండి.

- కొత్త జెల్ ఏదైనా ముందు ముంజేతి లోపలివైపు శనగగింజంత రాసి ఒక రోజు చూడండి. దురద, దద్దుర్లు లేకపోతేనే వాడండి.

- మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, క్యాప్సైసిన్ ఉన్న పైపూతలు రాసి గట్టిగా కట్టు కట్టడం, వేడినీళ్ల సంచి పెట్టడం చెయ్యొద్దు. చర్మం కాలుతుంది. ఇలా కాలిన కేసులు చూసి అమెరికా ఔషధ శాఖ 2012లో హెచ్చరించింది.

- వార్ఫారిన్ వాడేవాళ్లు మిథైల్ సాలిసిలేట్ ఉన్న నూనెలు, బామ్‌లు ఎక్కువగా రాసుకోకూడదు. రక్తస్రావం కావచ్చు.

- రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం ఉన్నవి రాయొద్దు. పసివాళ్లకు కర్పూరం పడక ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

- తెగిన చోట, పుండున్న చోట ఇవి రాయకండి. అక్కడ గోడే లేదు, మందు ఒక్కసారిగా లోపలికి పోతుంది.

- గిన్నెలు తోమే ద్రవంలో పసుపు, నూనె కలిపి ఇంట్లో మైక్రోఎమల్షన్ చెయ్యాలని చూడకండమ్మా! అది ఒంటికి రాసే సబ్బు కాదు.

- మిరపకాయల మంటకి చేతులకు ముందు కొబ్బరి నూనె పట్టించి, పాత గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. నూనెలో కరిగేది నూనెకే లొంగుతుంది.